భీమరాయుడి ఒడిబియ్యం

పాత బజారు వాల్వు గుంటలోకి నడుము దాకా దిగి, రెండు పిడుల ఇనుప చావిని తిప్పుతున్నాడు అమరప్ప. వాల్వు ఎప్పటిలాగే మొదట మొరాయించింది. తర్వాత ఒక్క మూలుగు మూలిగి కదిలింది. గుంట పైన బిందెలు, డబ్బాలు, వాటి వెనక నోళ్లు.

"ఏంది అమరప్పా, పొద్దు ఇంత ఎక్కినంక ఇడుస్తవా?"

"ఆగవ్వా, వస్తున్నయి నీళ్లు," అన్నాడు తలెత్తకుండానే.

దేవసూగూరులో వీధివీధికీ వంతులవారీగా నీళ్లు వదలడం అతని పని. నూనూగు మీసాల నాడు పట్టిన చావి, మీసాలు నెరిసినా చేతిలోనే ఉంది. పొట్టి మనిషి. భుజాలు మాత్రం దూలాల్లా ఉంటాయి. అరచేతుల నిండా కాయలు. కుడికాలు కొంచెం ఈడుస్తాడు. ఊరివాళ్ల లెక్క ప్రకారం నీళ్లు వస్తే కృష్ణమ్మ ఇచ్చినట్టు, రాకపోతే అమరప్ప ఆపినట్టు. దీనికి అతను ఎన్నడూ నొచ్చుకోలేదు. నొచ్చుకున్నాడో లేదో అడిగినవాళ్లూ లేరు. అడిగే ఒక్క మనిషి, భార్య మంజమ్మ, పిల్లాజెల్లా లేకుండానే కామెర్లతో పోయింది.

గుంటలోంచి పైకి వచ్చి తువ్వాలతో చేతులు తుడుచుకుంటుంటే జేబులో ఫోను గుర్రుమంది. తెరిచి చూశాడు. తెలుగు మాటలు, కన్నడ అక్షరాలు. ఇక్కడ బడికి పోయిన తెలుగువాళ్లు రాసేది అట్లాగే.

"అక్కా, బయల్దేరినం. మధ్యాన్నానికల్లా గుడికాడ ఉంటం. పచ్చచీర కట్టుకున్న, గుర్తుపట్టు."

అక్క అంటే అమరప్పే.

ఇదేమిటో చెప్పాలంటే అతని కాలు విరిగిన కాలానికి వెళ్లాలి. వాన నీళ్లు నిండిన గుంటలో జారిపడి మంచం పట్టినప్పుడు, చూడ్డానికి వచ్చిన మేనల్లుడు ఫోనులో ఒక ఆట పెట్టి పోయాడు. పాడుబడ్డ కోట, దాని నిండా రాకాసులు, నలుగురైదుగురు కలిసి వెళ్లి వాటిని కొట్టి రావాలి. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో ఆడతారు. ముందుగా ఒక వేషం ఎంచుకోవాలి. కత్తులవాళ్లు, బల్లేలవాళ్లు, విల్లంబులవాళ్లు అందరూ మగవాళ్లే. చివర్లో ఒక ఆడమనిషి, చంకలో కుండ. దెబ్బ తిన్నవాళ్ల మీద నీళ్లు చల్లి లేపడం ఆమె పని. అమరప్ప క్షణమైనా ఆలోచించలేదు. తనకు చేతనైంది అదొక్కటే. పేరు అడిగితే సూగమ్మ అని రాశాడు.

మొదటిరోజే ఒకడు కోట గుమ్మంలో కూలబడ్డాడు. సూగమ్మ వెళ్లి నీళ్లు చల్లింది. వాడు లేచి, "చాలా థ్యాంక్సక్కా," అన్నాడు. అమరప్ప ఫోను గుండెల మీద పెట్టుకుని చాలాసేపు దూలాల వైపు చూస్తూ పడుకున్నాడు. ఇన్నేళ్లుగా ఇంత ఊరికి నీళ్లు పోస్తే రాని మాట అది. నేను అక్కను కాదు, అన్నను అని దిద్దాలనే అనుకున్నాడు. నోరు రాలేదు. కాలు నయమైంది కానీ సూగమ్మ పోలేదు. ఎవరు పడిపోయినా "ఆగు, వస్తున్నయి నీళ్లు" అని రాసి పరుగెత్తడం ఆమె అలవాటు. జట్టులో అందరికీ అది నవ్వులాట.

ఆ జట్టులోనే భీమరాయుడున్నాడు. బారెడు కత్తి, చెవుల దాకా మీసాలు. ఒకరోజు ఆట ముగిశాక భీమరాయుడు సూగమ్మకు ఒక్కదానికే రాశాడు. "అక్కా, నీకు తప్ప ఎవ్వరికీ చెప్పలే. నేను ఆడపిల్లనే. నేత్ర నా పేరు. కవితాళ ఊర్ల ఉంటం. ఆడపేరు పెట్టుకుంటె రాకాసులకన్న జాస్తి మగోళ్లు ఎంటబడుతున్నరని మీసాలు పెట్టుకున్న."

నేనూ అంతే తల్లీ అని రాయడానికి అంతకంటే మంచి సమయం ఎప్పుడొస్తుంది? రాయలేదు. ఆ పిల్ల నమ్మింది అక్కను కదా. అప్పటినుంచి నేత్ర అన్నీ చెప్పేది. తల్లి పోయింది, తండ్రి బెంగళూరు కూలికి వెళ్లి జాడ లేకుండా పోయాడు, పెళ్లయింది, అత్త మంచిదే కానీ మాట కత్తి. ప్రతిసారీ చివర్లో "తిన్నవా అక్కా?" అని అడిగేది. ఆ మాట కోసమే అమరప్ప పొయ్యి వెలిగించిన రోజులున్నాయి.

ఇప్పుడు నేత్రకు ఏడో నెల. కడుపుతో ఉన్న బిడ్డకు తల్లిగారింటి ఒడిబియ్యం పడాలి. "నాకెవరున్నరక్కా, నువ్వే నా తల్లిగారిల్లు. సూగురేశ్వరుని గుళ్లె నువ్వే నా ఒడి నింపాలె," అని రాసింది. అమరప్ప సరే అన్నాడు. అనేశాక పిచ్చెక్కినట్టయింది.

ఒడి నింపేది ముత్తైదువ. అతను మగవాడు, పైగా భార్య పోయినవాడు. పక్కింటి ముత్తైదువ రంగవ్వ దగ్గరికి వెళ్లి, ఇంటి చూరు కింద నిలబడి, ఉన్నదంతా చెప్పాడు.

"అంటే ఫోన్ల నువ్వు ఆడిదానివా?" రంగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "నిజం చెప్తె ఏమైతదిరా?"

"చెప్తె అక్క పోతదవ్వా," అన్నాడు అమరప్ప. "పిల్ల కూడ పోతది."

రంగవ్వ నవ్వు ఆగిపోయింది. సూగమ్మగా తానే గుడికి వస్తానంది. ఏమేం కావాలో కూడా చెప్పింది. రాయచూరు వెళ్లి పచ్చ రవికెగుడ్డ, ఎండుకొబ్బరి, పసుపుకొమ్ములు కొన్నాడు. బియ్యం తానే చెరిగి, రాయీ రప్పా ఏరాడు.

ఈ హడావిడిలో ఆ పొద్దున ఒక పొరపాటు చేశాడు. పాత బజారు తర్వాత గుడి లైను వాల్వు తిప్పాలి. మెసేజీ చదువుకుంటూ నేరుగా ఇంటికి వెళ్లి, చావి భుజాన ఉండగానే బియ్యం మూట చంకన పెట్టుకుని రంగవ్వతో గుడికి వచ్చాడు.

గుడి ముందు వేపచెట్టు నీడలో పచ్చచీర కనిపించింది. చామనఛాయ పిల్ల, సన్నటి చేతులు, బరువుగా ఉన్న కడుపు. అంత కత్తి తిప్పే భీమరాయుడు ఇంతేనా అనుకున్నాడు అమరప్ప. ఆమె పక్కన చెప్పులు చేత పట్టుకుని మొగుడు విరూపాక్ష. అమరప్ప దూరంగా కుళాయిల దగ్గరే ఆగిపోయి రంగవ్వను ముందుకు పంపాడు.

"అక్కా!" నేత్ర రంగవ్వ చేతులు పట్టుకుంది. "నిన్న కోట కాడ నేను పడిపోతె ఎంత బిరబిర వచ్చినవక్కా."

"కోటనా? ఏ కోట బిడ్డా?" అంది రంగవ్వ. అమరప్ప నేర్పిన నాలుగు మాటలూ అక్కడితో అయిపోయాయి. నేత్ర ముఖంలో వెలుగు తగ్గింది. అంతలో కుళాయి దగ్గర కాళ్లు కడుక్కోబోయిన ఆడవాళ్లు విరుచుకుపడ్డారు. "ఓ అమరప్పా! దేవుని కాడ గూడ నీళ్లు లేకపాయె. ఏడ సచ్చినవ్?"

అప్పుడు గుర్తొచ్చింది గుడి లైను. మూట గట్టు మీద పెట్టి, పక్కనున్న గుంటలోకి దిగి చావి వేస్తూ, అలవాటుగా అరిచాడు.

"ఆగవ్వా, వస్తున్నయి నీళ్లు!"

కుళాయి దగ్గి, గాలి కక్కి, నీళ్లు పోసింది. తలెత్తి చూసేసరికి గుంట అంచున నేత్ర నిలబడి ఉంది. అతని ముఖం చూసింది, కాయలు కాసిన చేతులు చూసింది, గట్టు మీది బియ్యం మూట చూసింది.

అమరప్ప గుంటలోనే ఉండిపోయాడు. "తప్పైంది తల్లీ," అన్నాడు. "నిన్ను మోసం చెయ్యాలని కాదు."

పిలుపు కోసం వెతుక్కుంటున్నట్టు నేత్ర పెదవులు కదిలాయి. అన్నా అనలేదు, అక్కా అనలేదు. చివరికి కొంగు ముందుకు లాగి రెండు చేతులతో పట్టింది.

"బియ్యం పొయ్యి," అంది.

"నేను పొయ్యొద్దు తల్లీ. రంగవ్వ పోస్తది."

"మాట ఇచ్చింది ఎవరు?"

అమరప్ప పైకి వచ్చి చేతులు కడుక్కున్నాడు. దోసిలితో బియ్యం పోశాడు. నాలుగు గింజలు కింద పడ్డాయి. చూసేవాళ్లు చూశారు, గుసగుసలాడేవాళ్లు ఆడారు. రవికెగుడ్డ, కొబ్బరి పెట్టాడు. రంగవ్వ వచ్చి బొట్టు పెట్టి, పసుపుకొమ్ములు వేసింది.

విరూపాక్ష అయోమయంగా, "ఈయన ఎవరు?" అన్నాడు.

"మా తల్లిగారి తరపు," అంది నేత్ర.

ఆనవాయితీ ప్రకారం ఒడిలోంచి పిడికెడు బియ్యం తీసి వెనక్కి ఇవ్వాలి, పుట్టిల్లు ఖాళీ కాకూడదని. అమరప్ప తువ్వాల చెంగు పట్టాడు. ఆమె పిడికెడు అందులో పోసి, తల వంచుకుని మొగుడి వెనక బండెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. కోపమో, సిగ్గో, ఏమీ తెలియలేదు.

మిగిలిన వీధులకు నీళ్లు వదిలాడు. తిట్లు ఎప్పటిలాగే పడ్డాడు. వెలుగు ఉండగానే ఇంటికి వచ్చి గడపలో కూర్చుని ఆట తెరిచాడు. కోట గుమ్మంలో భీమరాయుడు లేడు. జట్టులోంచి వెళ్లిపోయాడు. సూగమ్మ సంచిలో, కుండ పక్కన, ఆమె ఎన్నటికీ ఎత్తలేని బారెడు కత్తి ఉంది. దాని కింద కన్నడ అక్షరాల్లో రెండు ముక్కలు.

"కాన్పు అయ్యేదాంక ఆటకు రాను. అందాంక నా కత్తి నీ కాడ పెట్టు. తిన్నవా అక్కా?"

అమరప్ప చదివాడు. మళ్లీ చదివాడు. ఆఖరి మాట దగ్గర ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, పొయ్యి వెలిగించి, డబ్బాలోంచి బియ్యం తీసి ఎసట్లో పోశాడు.

చావి తగిలించే మేకుకు తువ్వాల వేలాడుతోంది. దాని చెంగున ముడి వేసిన పిడికెడు బియ్యం అలాగే ఉన్నాయి.