అమ్మ పుట్టిన ఏడు

తాక్ జోంగ్‌మాన్ నాకు మేనమామ. ఊరందరికీ పెద్దమనిషి. నాకు మాత్రం ఆయన పేరెత్తితే అన్నం సయించదు.

మా అమ్మ సూన్‌దొక్‌కి ఆ ఏడు మతి నిలకడ తప్పింది. తెల్లవారేసరికి లేచి సొంజిన్ ఏటివైపు నడిచిపోయేది. "ఎవరో ఆడమనిషి 'ఓక్‌బున్, ఓక్‌బున్' అని పిలుస్తోందిరా. ఎవరూ పలక్కపోతే పాపం కదా," అనేది. నేను పొలం దున్నే టిల్లర్లు బాగుచేసుకు బతికేవాణ్ణి. అమ్మకు కాపలా ఉండాల్సొచ్చి దుకాణం మూసేశాను.

అరవై అయిదు దాటినవాళ్లయితే మతి వైద్యుడు ఇంటికే వస్తాడని, పగలు తోడుకు మనిషిని కూడా పంపుతారని విని దరఖాస్తు పెట్టాను. ఆఫీసు పిల్ల వచ్చి కాగితాలు చూసింది.

"అమ్మమ్మా, మీకింకా అరవై రెండే. మూడేళ్లు ఆగాలి."

"అరవై రెండేనా? అయితే అక్కా అని పిలువు," అంది అమ్మ. తర్వాత, యుద్ధంలో చిన్నపిల్లగా మంచులో పరిగెత్తడం, నెత్తిమీద విమానాలు మోగడం చెప్పుకొచ్చింది.

ఆ పిల్ల కాగితం మళ్లీ చూసింది. "ఇందులో మీరు పుట్టింది యుద్ధం ఆగాక కదా."

నాకు ఆశ పుట్టింది. ఆ రోజుల్లో బిడ్డ దక్కుతుందో లేదో చూసుకుని, రెండు మూడేళ్లకు గానీ పేరు రాయించేవారు కాదు. పుట్టిన ఏడు కోర్టులో దిద్దించుకోవచ్చు. ఆనాటి సంగతి తెలిసిన పెద్ద ఒకరు సాక్ష్యం చెప్పాలి, అంతే. అలాంటివాళ్లలో బతికున్నది మామయ్య ఒక్కడే.

వెళ్లేసరికి వాకిట్లో చాప మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నాడు.

"మామయ్యా, అమ్మ పేరు ఆలస్యంగా రాయించారని ఒక్క మాట చెప్పాలి."

"కోర్టులో అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధమేముంది? తాతయ్య బద్ధకం."

"మా నాన్ననేమీ అనకు." ఆయన చేతులు ఆగాయి. "మీ అమ్మ మా ఇంట్లో పుట్టలేదురా గిల్సూ. యుద్ధం రెండో చలికాలంలో, జనం పారిపోయే దారిలో దొరికింది. నాలుగేళ్లుంటాయి. నాకు పదమూడు. నేనే వీపున మోసుకొచ్చాను. రెండేళ్లు చూశాం. ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. అప్పుడే పుట్టినట్టు నాన్న తన కూతురిగా రాయించాడు."

మిరప ఘాటుకు కళ్లు మండుతున్నా తుడుచుకోవడం మర్చిపోయాను. ఒక్కటే అడిగాను.

"దొరికినప్పుడు పేరేం చెప్పింది?"

"ఓక్‌బున్ అంది. ఆ పేరుతో పిలిస్తే ఏడుస్తోందని మా అమ్మే మార్చింది."

ఏటి ఒడ్డున పిలిచేది ఎవరో నాకు తెలిసిపోయింది.

మామయ్య మళ్లీ మిరపకాయ అందుకున్నాడు. "సాక్ష్యం చెబుతాను. కానీ ఈ ఇంటి బిడ్డ కాదని కోర్టులో తేలాక, కూతురని నాన్న ఇచ్చిన ఏటిగట్టు మడి మీ దగ్గరెలా ఉంటుంది? నువ్వే చెప్పు."

"వీపున మోసుకొచ్చింది నువ్వే కదా మామయ్యా."

"మోసినందుకు కూలి అడిగానా?"

లేచి వచ్చేశాను. మర్నాడు పొద్దున అమ్మ ఏట్లో నడుం లోతు నీళ్లలో నిలబడి దొరికింది. ఆ సాయంత్రమే వెళ్లి, అమ్మ నా పేరున పెట్టిన ఆ మడిని మామయ్యకు రాసిచ్చి, నా చేత్తోనే ముద్ర వేశాను.

కోర్టు అమ్మ వయసు అరవై ఎనిమిదిగా దిద్దింది. వైద్యుడు ఇంటికొచ్చి, ముందుగా పేరడిగాడు. అమ్మ జుట్టు సర్దుకుని, "ఓక్‌బున్," అంది. ఆయన నావైపు చూశాడు.

"అలాగే రాసుకోండి," అన్నాను.

పోయింది ముప్పాతిక ఎకరం వరిమడి. దస్తావేజు కొలత ప్రకారం తొమ్మిది వందల పన్నెండు ప్యాంగ్‌లు.