ఎడారిలో పచ్చిపులుసు

"వంకాయలింక కొయ్యలేదా సుకన్యా? పదకొండు కొట్టింది" అని మా అత్త హన్మవ్వ మూడోసారి అడిగింది.

నా భర్త నరేందర్ పోయి ఆ రోజుకు ఏడాది. ఒమన్‌లో చమురు బావుల దగ్గర ఇరవై ఒక్క ఏళ్లు పనిచేసి, అక్కడి క్యాంపులోనే గుండె ఆగి పోయాడు. కోటగిరిలో ఈ ఇల్లు, పిల్లల చదువులు, అత్త కంటి ఆపరేషన్, అన్నీ ఆయన కష్టమే. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లంతా "ఇల్లు తప్ప ఇంకో ధ్యాస లేనోడు" అంటూనే ఉన్నారు. నేనూ తలూపుతూనే ఉన్నాను. అది అబద్ధం కాదు. ఒక్క రోజు కూడా ఫోన్ మానేవాడు కాదు. కానీ తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి తలూపడం కూడా ఒక పనే.

రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవుకు వచ్చేవాడు. ఆ నలభై రోజులూ నాకు పని రెట్టింపు. బిందె చేతికందే దూరంలో ఉన్నా "సుకన్యా, నీళ్లు" అనేవాడు. ఒక సెలవులో నాకు చికున్‌గున్యా వచ్చింది. మందులు తెచ్చాడు, పక్కనే కూర్చుని ఏడ్చాడు. "నేనేం చేద్దు? నాకు బియ్యం కడుగుడు గూడ రాదు" అన్నాడు. "ఎడారిల మాడి అచ్చిండు, ఈడ గూడ పొయ్యి కాడ కూసుంటడా?" అంది అత్త. గోడ పట్టుకుని నేనే లేచాను. వేళ్లు వంగక గంటె జారిపోతుంటే వండాను. ఆయన కళ్లు తుడుచుకుంటూనే తిన్నాడు.

మధ్యాహ్నం బోధన్ నుంచి అయ్యూబ్ వచ్చాడు. క్యాంపులో పదేళ్లు ఆయనతో ఒకే గదిలో ఉన్నవాడు. భోజనాల వరుసలో కూర్చుని, పచ్చిపులుసు కలుపుకుని ఒక ముద్ద తిని ఆగిపోయాడు.

"గిదే రుచి భాబీ. నరేందర్ భాయ్ చేస్తే అచ్చం గిట్లనే ఉండేది."

"ఎవరు చేస్తే?" అన్నాను.

"ఆయనే. జుమ్మా జుమ్మాకు, శుక్రారం సెలవు నాడు, మా పన్నెండు మందికి ఆయనే వండేటోడు. నాకు కామెర్లయితే నెల దినాలు గంజి కాసి పోసిండు."

"నా కొడుకా? వానికి చాయ గూడ పెట్టరాదు!" అంది అత్త.

అయ్యూబ్ నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఇంటికాడ చెప్పకురి, అవ్వ నవ్వుతది అనేటోడు. ఎట్ల చెయ్యాల్నో మీకే ఫోన్ చేసి అడిగేటోడు గద భాబీ."

అడిగేవాడు. చింతపండు ఎంతసేపు నానేసినవ్, మిరపకాయలు కాలుస్తవా వేయిస్తవా, ఉల్లిగడ్డ ఎప్పుడు పిసుకుతవ్ అని. నా చేతి వంట మీద బెంగ అనుకునేదాన్ని. ఆ బెంగ తీర్చడానికి ఒక్కొక్కటీ వివరంగా, ముచ్చటగా చెప్పేదాన్ని. ఆయన నేర్చుకుంటున్నాడు. నేర్చుకుని పన్నెండు మంది కడుపులు నింపాడు. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం బియ్యం కడగడం రాని మనిషయ్యాడు.

కోపం రాలేదు. కోపానికి ఓపిక కావాలి. ఆయన మంచివాడు కాదనుకుంటే తేలికయ్యేదేమో. మంచివాడే. ఆ మంచితనం మా గడప దగ్గర సిగ్గుపడి ఆగిపోయింది.

"సింధూజా, చారు తేవే!" అని వరుసలోంచి నా కొడుకు అఖిలేష్ కేకేశాడు. ఇరవై రెండేళ్లవాడు. వాడి చెల్లెలికి మర్నాడు పరీక్ష. పొద్దుటి నుంచి పుస్తకం తెరవలేదు. గిన్నె పట్టుకుని పరుగున వస్తోంది.

నేను దాని చేతిలోని గిన్నె తీసుకున్నాను. "నువ్వు తిని పోయి చదువుకో బిడ్డా" అని, అఖిలేష్ ముందు నిలబడ్డాను.

"లే. నువ్వు వడ్డియ్యి."

"నేనా?" అన్నాడు వాడు నానమ్మ వైపు చూస్తూ.

"మగపిలగాడు వడ్డిస్తడా!" అంది అత్త.

"వాళ్ల బాపు వండినప్పుడు వీడు వడ్డిస్తే ఏమైతది అత్తా?"

వాడు లేచాడు. వాడు లేచిన చోట నేను కూర్చున్నాను.