ఉరికే ప్రొఫెసరు

కొత్తవాడల పొద్దుగాల మొదలు మల్లవ్వ నీడ అస్తది, ఎనుక మల్లవ్వ అస్తది. నీడ అచ్చి హోటల్ బల్ల మీద కూసోంగనే పోశయ్య చాయ్ గిలాస కడుగుతడు. చాయ్ వడవోసేటాల్లకు మల్లవ్వ అచ్చి తన నీడల తనే కూసుంటది. ఆమె ఏది చేసినా నీడ జరంత ముందుగాల చేస్తది. నీడ తుమ్మిందంటే పక్కకున్నోల్లు గిలాసలకు చెయ్యి అడ్డం పెట్టుకుంటరు. గంతే. అండ్ల చెప్పుకునేతందుకు ఏమున్నది? లొల్లంత ఆమె కొడుకు బాలకిషన్‌ది.

బాలకిషన్ ఆరేండ్లు భీవండిల కరెంటు మగ్గాలు, గవే సాంచెలు, నడిపి అచ్చిండు. ఇంటికచ్చిన నాడు బిడ్డ అరుణ దర్వాజ కాడ నిలబడి, "అమ్మా, ఎవలో అచ్చిండ్లు" అన్నది. గా మాట ఆయన కడుపుల ముల్లు లెక్క దిగింది. మల్ల భీవండి మొకం చూడొద్దని, మగ్గం షెడ్డు ఊడ్పిచ్చి, పిల్లలకు కంప్యూటర్ ఆటల దుకాణం పెడుదామనుకున్నడు. ఎనభై ఎనిమిదిల సంగతి. అప్పుడు ఇంజనీరింగ్ కాలేజీ దాటి బయట కంప్యూటర్ మొకం చూసినోల్లను చేతి ఏళ్ల మీద లెక్కవెట్టచ్చు.

భార్య అనసూర్య ఒక్కటే మాటన్నది. "పెట్టు. నడ్వకుంటే మల్ల భీవండే నీకు. నేను రాను, పిల్లను తోలియ్య."

స్టేషన్ రోడ్డుల కిషన్ రావు దుకాణంల రెండు కంప్యూటర్ డబ్బాలున్నయ్. చూస్తె రెండు ఒక్క తీరుగనే ఉన్నయ్. ఒకటి తక్కువ పైసలకచ్చే సవకది, ఒకటి పిరం.

"ఏం ఫరక్ సారూ?"

"ప్రాసెసరే అన్నా. పిరందాంట్ల ప్రాసెసర్ మస్తు ఫాస్టు."

బాలకిషన్ చెవుల అది 'ప్రొఫెసర్' అని పడ్డది. ఆయన తప్పేముంది? గల్లీకొక ప్రొఫెసర్ కిరాయికుండే ఊరాయె.

ఇగ మొదలు. నాలుగు నెలలు ఊరి పానం తీసిండు. పిరం ప్రొఫెసర్‌ను తేవాల్నా, సవక ప్రొఫెసర్‌ను తేవాల్నా? సగం గడ్డం గీకిచ్చుకొని మంగలి నర్సయ్యను అడిగిండు. నర్సయ్య సోంచాయించేటాల్లకు గీకిన దిక్కు మల్ల మొలిసింది. కాజీపేటల రైలు గార్డును అడిగితే, ఆయన జవాబు చెప్పేదాంక బండి గంటసేపు ప్లాట్‌ఫారం మీదనే నిలబడ్డది. నిద్రల అడుగుడు, బుక్క నోట్లె పెట్టుకొని అడుగుడు.

"ఓ అరుణ నాయినా, నీ కాల్మొక్కుత!" అన్నది అనసూర్య. "నన్ను చేసుకునేటప్పుడు గింత సోంచాయించినవా?"

"నాకు సూపెట్టిందే ఒక్క పిల్లనాయె. ఇద్దరిని సూపెడితే గప్పుడు తెలుస్తుండె."

ఆ పూట కూరల ఉప్పు లేదు. కారం మాత్రం మూడు పూటలది పడ్డది.

ఆఖరికి మల్లవ్వకే యాష్టకచ్చింది. "సాంచ జోరుగ ఉరికితే బట్ట ఎక్కువ దిగుతది. ప్రొఫెసర్ జోరుగ ఉరికితే ఆటలు ఎక్కువ దిగుతయ్. పిరందే తేరా, మా పానాలు తియ్యకు!"

నేతోల్ల ఇంట్ల గా మాటకు తిరుగులేదు. పిరందే తెచ్చిండు. డబ్బా మొకం మీద ఒక ఎర్ర లైటు, దాని పక్కకు ఒక గుండీ. "లైటు వెలుగుతాందంటే ప్రాసెసర్ ఫుల్ స్పీడుల ఉన్నట్టు" అని కిషన్ రావు చెప్పిండు. ఇంటికి తెచ్చి, పసుపు పెట్టి, కుంకుమ పెట్టి, బాలకిషన్ అందరికి చెప్పిండు: "గీ లైటే ప్రొఫెసర్ పానం. గుండీ ఎవలన్న ముట్టిన్రో, చేతులు ఇరగ్గొడుత."

దుకాణం తెరిసిన నాడు పిల్లలు పోశయ్య హోటల్ దాంక లైన్ కట్టిండ్లు. కారు ఆట పెట్టిండు. కారు బయలెల్లిందా లేదా తెల్వకముందే గోడకు గుద్దుకున్నది. ఇంకొకడు కూసున్నడు, గుద్దుకున్నది. ఒక్కడు తుమ్మేటాల్లకు మూడాటలు ఒడిసినయ్.

"మామా, నీ ప్రొఫెసర్‌కు గంత తొందరేంది? బస్సు దొరకదా?"

"మీ చేతులే సల్లగున్నయ్‌రా! సద్ది తిని అచ్చిండ్లు!"

వారం తిరిగేటాల్లకు దుకాణంల ఈగలు మిగిలినయ్. కిషన్ రావును అడుగుపో అని అనసూర్య నెత్తి కొట్టుకున్నది. "నాలుగు నెలలు సతాయించిన గదనే. ఇప్పుడు మెట్లెక్కితే చెప్పు తీస్తడు" అన్నడు బాలకిషన్. ఇంకో నెల చూసి, రేకు పెట్టె సదురుకున్నడు. మూడున్నర బండికి కాజీపేట పోవాలె, ఆడికెల్లి భీవండి.

పెట్టె దుకాణం ముంగట పెట్టి, తాళంచేతులు అనసూర్యకిచ్చిండు. ఆమె తీసుకున్నది గని, మొకం పక్కకు తిప్పుకున్నది. లోపల అరుణ ఒక్కతే ఇంకా కారును గోడకు గుద్దుకుంట కూసున్నది. మల్లవ్వ నడుం మీద చేతులు పెట్టుకొని గడపల నిలబడ్డది. ఎండ ఎనుకకెల్లి పడుతాంది. నీడ పోయి డబ్బా మీద పడ్డది. చెయ్యి లేపింది. ఎర్ర లైటు పక్క గుండీని ఏలితోని ఒత్తింది.

"అవ్వా! ముట్టకు!"

"నేనేడ ముట్టిన్రా? నా చేతులు నడుం మీదనే ఉన్నయ్ గద."

"నీ నీడ ముట్టింది."

"నీడ ముట్టినంక నేను ముట్టకుంట ఉంటనా? అరవై ఏండ్లల ఒక్కపారన్న అయ్యిందారా గట్ల?"

గొణుక్కుంట పోయి ఒత్తింది. లైటు ఆరిపోయింది.

"సచ్చిండు" అన్నడు బాలకిషన్, నెత్తి పట్టుకొని. "ప్రొఫెసర్ సచ్చిండు."

"నాయినా!" అరుణ ఒర్లింది. "కారు పోతాంది!"

పోతాంది. గాలి తక్కువున్న రిక్షా తీరుగ పోతాంది. అరుణ ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది. గోడ అచ్చింది, పోయింది. పోశయ్య హోటల్ల ఉన్న పిల్లలు చాయ్‌లు ఇడిసిపెట్టి ఉరికచ్చిండ్లు.

ఇంకొకడైతే ఎగిరి గంతేస్తుండె. బాలకిషన్‌కు కోపం నషాలానికెక్కింది. "అంటే గుండీ ఒత్తితే గిది సవక దానంత మెల్లగయితదా? మరి సవకదే తెస్తే అయిపోవు గదా! గింత పిరం పెట్టి ఉరికేటోన్ని తెచ్చి, మెల్లగ నడువుమని బతిమాలుడా?"

"బాలకిషనూ, బండి టైమైతాంది" అన్నడు పోశయ్య.

అనసూర్య పోశయ్య దిక్కు గుడ్లురిమి చూసింది. అటెనుక మొగని ముంగట నిలబడ్డది. "అయితే పిరంది మంచిదా, సవకదా? జర ఇడమర్చి చెప్పు. నాకు సమజైతలేదు."

నాలుగు నెలలు ఆయనే అందరిని అడిగిండు గని, గీ ముచ్చట ఆయనను ఎవలూ అడగలే. బాలకిషన్ పెట్టె మీద కూసున్నడు, గొంతు సదురుకున్నడు, మొదలువెట్టిండు. మూడున్నరాయె, నాలుగాయె, ఇంకా సవకదాని సంగతికే రాలే.

మల్లవ్వ నీడ అప్పటికే రేకు పెట్టె నెత్తికెత్తుకొని ఇంటి తొవ్వ పట్టింది. మల్లవ్వే ఇంకా ఆడ నిలబడి, "లెవ్వురా, పెట్టె మీదికెల్లి లెవ్వు" అని కొడుకును గదుముతాంది.