ప్రాణం ఉన్నంత దూరం

మిల్లులో బాయిలరు పేలిన రోజు అక్కడికి ముందుగా చేరింది మా అంబులెన్సే. ముందుగా అంటే మిగతా బండ్ల కన్నా ముందుగా. ఆలస్యం మాత్రం మామూలే. గేటు దగ్గర కార్మికులు చుట్టుముట్టి అద్దాలు గుద్దారు. "ఇప్పుడా రావడం? ఇంకాస్త ఆగి ఏకంగా శవాలకే రాకపోయారా?" అని ఒకడు గొంతు చించుకున్నాడు. మా డ్రైవరు బాబాయి నోరెత్తకుండా స్ట్రెచరు లాగాడు. ఆయనకు నోరు లేక కాదు. ఆ తిట్లు తినాల్సినవాడు చల్లని గదిలో కూర్చుని ఉన్నాడు.

మేం ఎక్కించిన మనిషికి ఒళ్లంతా ఉడికిపోయింది. చెయ్యి పట్టుకుంటే చర్మం నా చేతి తొడుగుకు అంటుకుని ఊడి వచ్చింది. కళ్లు మాత్రం తెరుచుకునే ఉన్నాయి, వాళ్లమ్మనే చూస్తున్నాయి. ఆమె అదే మిల్లులో ఊడ్చే మనిషి. చీపురు చేత్తో పట్టుకునే బండెక్కింది. దాన్ని కింద పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు. నా పని వెనకాల కూర్చుని, ఆసుపత్రి చేరేదాకా రోగి ప్రాణం నిలబెట్టడం. సెలైను పెడదామంటే నరం దొరకలేదు. దొరికిన చోట సూది నిలవలేదు.

"బాబాయ్, లాగించు!" అని అరిచాను.

మా బండ్లలో "పోనియ్" అనం. ఆసుపత్రికి పోదాం అనం, చేరదాం అంటాం. పోవడం అన్న మాటే మా నోట రాదు. కొత్తగా చేరినవాళ్లు ఇదేదో పిచ్చి నమ్మకం అనుకుని నవ్వుతారు. నమ్మకమూ కాదు, నా బొందా కాదు! ముందు సీటు దగ్గర కంట్రోలు గదితో మాట్లాడే మైకు ఉంటుంది. దాని మీట ఎప్పుడూ నొక్కినట్టే బిగుసుకుపోయి ఉంటుంది, బాగు చేయించరు. బండిలో ఎవరేం మాట్లాడినా అక్కడ కూర్చున్న, బండ్లు తిప్పే కాంట్రాక్టరు తాలూకు మేనేజరుకి వినబడుతుంది. సర్కారు ఆరోగ్య బీమా మా బండికి రేటు కట్టేది రోగి ఎక్కిన చోటు నుంచి, అది కూడా అతని ప్రాణం ఉన్నంత దూరానికే. రోగి కోసం వెళ్లే దారికి ఏమీ రాదు. అందుకే బండ్లు ఆసుపత్రి గేటు దగ్గరే పడి ఉంటాయి, బాధలో ఉన్నవాళ్లు ఎంత మొత్తుకున్నా ఆలస్యంగా కదులుతాయి. దారిలో ప్రాణం పోయిందా, ఆ క్షణం నుంచి బండి ఖాళీ కింద లెక్క. ఖాళీగా తిరిగిన దూరానికి డీజిలు మా జీతాల్లోంచి కోస్తారు. "పోయాడు" అని వినబడగానే లెక్క ఆపేస్తాడు గనుకే ఆ మేనేజరుని మేము మీటరు అని పిలిచేవాళ్లం.

వంతెన మీద ఆ కొడుకు చచ్చిపోయాడు.

నాకు తెలిసింది. అద్దంలో నా మొహం చూసి బాబాయికీ తెలిసింది. ఇద్దరం పెదవి కదపలేదు. తల్లికి మా ఆచారాలు ఏం తెలుసు? కొడుకు మొహం పట్టుకుని ఊపి, "పోయాడు! నా కొడుకు పోయాడు తల్లీ!" అని గుండెలు బాదుకుంది.

మైకులో మీటరు గొంతు పలికింది. "ఎవడు పోయాడు?"

"ఎవరూ పోలేదు సార్," అన్నాడు బాబాయి. "దారిన పోయేవాడు ఎవడో పోయాడంటోంది."

"నా చెవిలో పూలు పెట్టకు. బండి ఖాళీ. వంతెన దిగాక చెక్‌పోస్టు ఉందిగా, అక్కడ దించేసి మిల్లుకి తిరుగు. బతికున్నవాళ్లు ఇంకా ఉన్నారక్కడ."

"మిగతా బండ్లు ఆసుపత్రి గేటు దగ్గరే ఉన్నాయి కదా, వాటిని పంపు."

"అన్నీ ఖాళీగా తోలితే డీజిలు నీ బాబు పోస్తాడా?"

తల్లి ఏడుపు ఆపి నావైపు చూసింది. "దించడమేంటి? ఎక్కడ దించుతారమ్మా? రోడ్డు మీదా?"

నేను నిజమే చెప్పాను. అంతకుముందు ఎందరికి చెప్పలేదు గనక! ఎన్ని శవాలను చెట్ల కింద, బస్టాపుల్లో దించలేదు గనక! ఆమె కొడుకు తల ఒళ్లోకి లాక్కుని చీపురు పైకెత్తింది. "ఇంటికి చేర్చాలి వీణ్ణి. ఎవడు దించుతాడో రమ్మను, వాడి మొహం ఊడ్చేస్తా."

బాబాయి అద్దంలో ఆమెను చూశాడు. తర్వాత మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఒరేయ్ మీటరూ, విను. పోతున్నాం. వాళ్లింటికే పోతున్నాం. నీ చేతనైంది చేసుకో పో!" అని తీగ పుటుక్కున తెంచి కిటికీలోంచి విసిరేశాడు.

నాకు భయం వేసింది. భయంతో పాటు నవ్వు కూడా వచ్చింది. ఆ మాట అన్నేళ్లుగా మా గొంతుల్లో అడ్డం పడి ఉంది మరి.

చెక్‌పోస్టు దగ్గర జీపు అడ్డం పెట్టారు. కాంట్రాక్టరు మనుషులు, చేతుల్లో ఇనుప రాడ్లు. ముందు అద్దం పగిలింది. బాబాయిని జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చి, ఎడమ చేతిని రోడ్డు మీద పరిచి రాడ్డుతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు బండి లోపలికి వినిపించింది. నేను ఆక్సిజన్ సిలిండరు విప్పే పానాతో ఒకడి దవడ పగలగొట్టాను. ఇంకొకడు నన్ను డొక్కలో తన్నాడు. తల్లిని తోసేసి స్ట్రెచరు పట్టుకుని గుంజారు. ఉడికిన ఆ శరీరం దొర్లుకుంటూ వెళ్లి తారు మీద పడింది. పడినప్పుడు దాని వీపు తోలు స్ట్రెచరుకే ఉండిపోయింది.

వెనకాలే మిల్లు లారీలో కార్మికులు వస్తున్నారు. వాళ్లు చూసింది అదే. తమతో పొద్దున పక్కన నిలబడి పనిచేసినవాడు రోడ్డు మీద పడి ఉన్నాడు. లారీ ఆగకముందే దూకారు. రాడ్లు చేతులు మారాయి. కాంట్రాక్టరు మనుషుల్లో ఇద్దరు జీపు దాకా చేరలేకపోయారు. వాళ్లను కొట్టారు, కదలడం మానేదాకా కొట్టారు. నేను ఆపలేదు. ఆపాలనిపించలేదు, దాచిపెట్టడం దేనికి?

తర్వాత వాళ్లు మా మీదికీ వచ్చారు. "బండివాళ్లే దించారు! వీళ్లనూ వెయ్యండి!"

"ఆగండ్రా గుడ్డి వెధవల్లారా!" అని తల్లి అడ్డం నిలబడింది. "దించనన్నందుకే ఈయన చెయ్యి విరిచారు. కళ్లు తెరిచి చూడండి."

కొడుకును ఇంటికి చేర్చాం. ఆ సాయంత్రమే మా బండ్ల షెడ్డులో సమావేశం. ఒకవైపు మేము, ఒకవైపు మిల్లువాళ్లు. అప్పటిదాకా ఒకరినొకరు తిట్టుకున్నవాళ్లం, పక్కపక్కన కూర్చోవడమే ఇబ్బందిగా ఉంది.

"అన్ని బండ్లూ ఆపెయ్యండి!" అన్నాడు లారీ తోలిన కార్మికుడు. "దెబ్బకి సర్కారు కాళ్ల బేరానికొస్తుంది."

"ఆపితే చచ్చేదెవడు?" అన్నాడు బాబాయి. చెయ్యి మెడకు కట్టుకుని ఉన్నాడు, నొప్పికి పళ్లు కొరుకుతున్నాడు. "మిల్లు యజమానికి ఇంటి ముందు రెండు కార్లున్నాయి. చచ్చేది నీ పెళ్లాం, నా పెళ్లాం."

"అయితే ఏం చేద్దామంటావ్? దండం పెడదామా?"

"బండ్లు ఆపొద్దు. వాళ్ల చేతుల్లోంచి లాగేసుకుందాం."

అరుపులు, ఎదురు అరుపులు. దొంగతనం అంటారని మాలో ఒకడు వణికాడు. "మీ జీతాలు తిని తిరిగిన బండ్లు, ఎవడి సొమ్మురా?" అని తల్లి గదమాయించింది. దాంతో తేలిపోయింది. ఆ సాయంత్రమే మైకులన్నీ పీకేశాం. డీజిలు మిల్లు డ్రమ్ముల్లోంచి వచ్చింది. మిల్లు గేటు ఎదుటి టీ కొట్టు ఫోనే మా కంట్రోలు. పిలుపు రాగానే బండి కదిలేది, ఎంత దూరమైనా. బతికినా చచ్చినా మనిషిని చేర్చాల్సిన చోటికి చేర్చేవాళ్లం. అంతకుముందు మా బండి మొహం చూడని పేటల్లో జనం ఎదురొచ్చి దారి చూపించేవాళ్లు. ఉద్యోగం మీద నాకు మొదటిసారి ప్రేమ పుట్టింది ఆ రోజుల్లోనే.

సర్కారు ఊరుకుంటుందా? ఒక ఉదయం బీమా అధికారి, కాంట్రాక్టరు, మీటరు, వాళ్ల వెనకాల లాఠీలతో పోలీసులు షెడ్డుకు వచ్చారు. అధికారి నవ్వుతూనే మాట్లాడాడు. ఖాళీగా వెళ్లే దూరానికి సగం రేటు ఇస్తారట. మా జీతాల్లో కోత ఉండదట. కేసులూ ఉండవట. బండ్లు అప్పగిస్తే చాలట.

మా వాళ్ల మొహాలు వెలిగాయి. లేదని అబద్ధం చెప్పను, నాదీ వెలిగింది.

"మరి దారిలో చచ్చిపోయినవాళ్ల సంగతి?" అని అడిగాడు బాబాయి.

"ఇది ఆరోగ్య బీమా పెద్దాయనా. శవానికి ఆరోగ్యం ఏముంటుంది?" తన హాస్యానికి తానే నవ్వుకున్నాడు అధికారి.

"ఒప్పుకుందాం బాబాయ్," అని మాలో ఒకడు గొణిగాడు. "మన కడుపు మనం చూసుకోవాలిగా."

తల్లి అక్కడే ఉంది. ఆమె వెనక మిల్లువాళ్లూ ఉన్నారు. మేమేం అంటామా అని చూస్తున్నారు.

బాబాయి ఆ గొణిగినవాడి భుజం మీద బాగున్న చెయ్యి వేశాడు. "మన కడుపు నింపి వీళ్లను మన చేతనే రోడ్డు మీద దింపిస్తారు రా. ఇది మనకిచ్చే రేటు కాదు, మనల్ని కొనే రేటు." అధికారి వైపు తిరిగి గొంతు పెంచాడు. "చచ్చినా బతికినా మనిషి మనిషే. ఆ మాట ఒప్పుకో, బండ్లు తీసుకో. లేదంటే మర్యాదగా నడువు."

"నడువు! నడువు!" అని షెడ్డు రేకులు అదిరేలా అరిచాం. గొణిగినవాడి గొంతే అందరికన్నా పెద్దగా వినిపించింది.

ఇన్‌స్పెక్టరు విజిలు ఊదాడు.

లాఠీలు ముందు ఆడవాళ్ల మీద పడ్డాయి. నా పళ్లు రెండు ఊడి నోట్లోనే నలిగాయి. మిల్లువాళ్లు ఇటుకలు విసిరారు, ఒక పోలీసు మొహం చితికింది. మీటరు బండి వెనక దాక్కున్నాడు. తల్లి వాణ్ణి కాలర్ పట్టి బయటికి ఈడ్చి మొహం రేకుకేసి కొట్టింది. బాబాయి ఆమెను తప్పించడానికి ముందుకొచ్చాడు. ఒక్క చేత్తో ఎన్ని దెబ్బలు ఆపగలడు? లాఠీ నడినెత్తిన దిగింది. పడ్డాక కూడా కొట్టారు. తల పగిలి కంకర తడిసిపోయింది.

ఆయన నా ఒళ్లో చచ్చిపోయాడు, బండి తలుపు పక్కనే, బండి ఎక్కకుండానే. ఆయన ప్రాణం ఎంత దూరం నిలిచిందో లెక్క కట్టే శ్రమ కూడా బీమావాళ్లకు లేకుండా చేశాడు మహానుభావుడు.

మా బండ్ల తాళాలు లాక్కున్నారు. షెడ్డు చుట్టూ పోలీసులు నిలబడ్డారు. బాబాయిని తీసుకెళ్లి మార్చురీలో పడేసి తాళం వేశారు. బాబాయి భార్య, మా పిన్ని, వెళ్లి అడిగితే, పరిస్థితి చల్లబడ్డాక ఇస్తామన్నారు. మనిషిని చంపింది వాళ్లు, చల్లబడాల్సింది మేము!

మర్నాడు మధ్యాహ్నం కాంట్రాక్టరు పక్క ఊరి నుంచి బస్సు నిండా డ్రైవర్లను దించాడు. మా పొట్ట కొట్టడానికి వచ్చినవాళ్లు. మేము రోడ్డుకు ఇవతల రాళ్లు పట్టుకుని కాచుకున్నాం. మా నెత్తురు ఇంకా ఉడుకుతోంది. మొదటివాడు షెడ్డులోంచి బయటికి వస్తే వాడి తల నాదే అనుకున్నాను.

ఆ మొదటివాడు చేతిలో బండి తాళం ఊపుకుంటూ వచ్చి కంకర మీద మరక చూసి ఆగాడు. రోడ్డు దాటి నేరుగా మా దగ్గరికే వచ్చాడు.

"అది ఎవరి రక్తం?"

"నీలాగే డ్రైవరు," అన్నాను. ఊడిన పళ్ల సందులోంచి మాట సరిగా రావడం లేదు. "శవాన్ని రోడ్డు మీద దించనన్నాడు. అదీ ఆయన నేరం."

వాడు వెనక్కి తిరిగి ఆ మరకను మళ్లీ చూశాడు.

"మాకు గొడవ ఏదో జీతాల గురించని చెప్పారక్కా," అన్నాడు. "మొన్న నేనొక పిల్లను దించాను. వాళ్ల నాన్న నా కాళ్లు పట్టుకున్నాడు. అయినా దించాను. నాకు అన్నం దిగడం లేదు." తలెత్తాడు. "ఆయన్ని ఇంటికి చేర్చారా?"

"మార్చురీలో పెట్టి తాళం వేశారు."

వాడు వెనక్కి తిరిగి తనవాళ్లను కేకేశాడు. షెడ్డులో గుంపు కట్టారు. కాసేపు వాదించుకున్నారు. ఇంజన్లు ఒక్కొక్కటే అందుకున్నాయి. బండ్లన్నీ వరసగా గేటు వైపు కదిలాయి, సైరన్లు వేసుకుని. డ్యూటీకి బయల్దేరారనుకుని పోలీసులే గేటు బార్లా తెరిచి రోడ్డు మీద జనాన్ని అదిలించి దారి ఇచ్చారు.

మొదటి బండి మా ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. "ఎక్కండి, దారి చూపించండి," అన్నాడు వాడు.

రాళ్లు పారేయలేదు, వాటితోనే ఎక్కాం. మిల్లువాళ్లు టాపుల మీద కూడా ఎక్కారు. మార్చురీ ముందు కాపలా ఉన్న పోలీసులు అన్ని సైరన్లు విని, ఊళ్లో మళ్లీ ఏదో పేలిందనుకుని వరండాలోంచి బయటికి పరిగెత్తుకొచ్చారు. మా వెనకాల జనం వీధి పొడుగునా నిండిపోయారు. వాళ్లతో ఉన్న ఇన్‌స్పెక్టరు తుపాకీ తీసి, అడుగు ముందుకేస్తే కాల్చేస్తానన్నాడు.

తల్లి బండి దిగి అతని పక్క నుంచే నడుచుకుంటూ వెళ్లి మార్చురీ తాళం మీద మొదటి రాయి వేసింది.