కుచ్చిళ్ల కింది బంతి

చంటిదాని తలకు పెట్టగా గిన్నె అడుగున మిగిలిన ఆముదాన్ని కాశమ్మ బంతికి పూస్తోంది. తోలు ఎండితే పగులుతుందని మొగుడు కొండల్ చెప్పాడు. పిల్లకు సరిపోయిందా అని మాత్రం అడగలేదు. కుట్టు ఊడిన చోట దబ్బనంతో కుట్టేదీ ఆమే, బురద కడిగేదీ ఆమే. అయినా తన బంతిని ఎవరూ ముట్టకూడదని మొగుడు ఇంటిల్లిపాదికీ చెబుతుంటాడు. ముట్టకుండా కుట్టడం ఎలాగో ఆమెకు ఇంతవరకూ తెలియలేదు.

కొండల్ పట్నంలో ఒక ఫుట్‌బాల్ మైదానంలో నాలుగేళ్లు గడ్డి కోశాడు. చూసి చూసి ఆట నేర్చుకున్నాడు. రజాకార్ల గడబిడకు భయపడి, ఎవరో పారేసిన ఈ బంతితో ఇబ్రహీంపట్నం వచ్చేశాడు. యూనియన్ సైన్యం దిగి, నిజాం రాజ్యం పోయి ఏడాదైంది. ఇప్పుడు ఊరి బయట మిలిటరీ క్యాంపు ఉంది. పగలు కమ్యూనిస్టుల కోసం ఇళ్లు వెతికే జవాన్లు సాయంత్రాలు బంతాడతారు. వాళ్లకు ఆట నేర్పే అమరేందర్ కొత్త పోలీసు జట్టుకు మనుషుల్ని ఏరుతున్నాడని తెలిసినప్పటి నుంచి కొండల్‌కు నిద్ర లేదు, కాశమ్మకు తీరిక లేదు.

అత్త పోశమ్మది వేరే గొడవ. జవాన్ల కళ్లు పడతాయని, క్యాంపు పడిన రోజు నుంచి కోడలు గోచి పెట్టకూడదు, చీర పైకి దోపకూడదు.

"పాదాలు అవుపడొద్దు. తల దించుకొని నడువు," అంది.

నెత్తిన రెండు బిందెలు పెట్టుకుని తల ఎలా దించుతారో ఆ మహాతల్లి చెప్పలేదు. అందుకని కాశమ్మ తల నిలబెట్టి, కుచ్చిళ్లు నేల మీద జీరాడుతుండగా, కిందికి చూడకుండా నడవడం నేర్చుకుంది. అడ్డొచ్చిన కోడిని, పొయ్యి ముందు కట్టెను, పిల్ల చేతిలోంచి జారిన గిలక్కాయను పాదంతోనే పక్కకు నెట్టేది. చూపు ఒకవైపు, కాలు ఇంకోవైపు. ఆ నేర్పుకు ఇంట్లో పేరు లేదు. పేరే లేని పనికి మెప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

రోజూ పొద్దుగూకే ముందు కొండల్ ఆమెను వాకిట్లో గుంజలా నిలబెట్టి, ఆమెను తప్పించి బంతి దాటించడం సాధన చేసేవాడు. ఒకనాడు లోపల అన్నం పొంగుతున్న చప్పుడైంది. వదలమంటే వదలడు. కాశమ్మకు ఒళ్లు మండింది. వచ్చిన బంతిని పాదంతో ఆపి, పొయ్యి వైపే చూస్తూ, కుచ్చిళ్ల కింద ఈ కాలి నుంచి ఆ కాలికి మార్చి, అతని పక్కనుంచి దాటించి లోపలికి నడిచింది. కొండల్ ఖాళీ నేలను తన్ని కూలబడ్డాడు. గంజి వారుస్తుంటే ఆమెకు నవ్వు ఆగలేదు. పెళ్లయ్యాక ఆమె తనకోసం చేసుకున్న పని అదొక్కటే.

అమరేందర్‌కు కావలసింది అలాంటిదేనట. ఉరకడం ఎవరికైనా నేర్పవచ్చు, ఎదుటివాడు అనుకోనిది చేసే మనిషి కావాలి అనేవాడట. కొండల్ పది రోజులు ఆమెచేత అదే మళ్లీ మళ్లీ చేయించి నేర్చుకున్నాడు. క్యాంపు మైదానంలో అమరేందర్ ముందు ఆడాడు. నిక్కరుకు కుచ్చిళ్లు ఎక్కడివి? బంతి అందరికీ కనబడింది. పైగా తల వంచి దాన్నే చూస్తూ ఆడాడు. ఎదుటివాడు సునాయాసంగా లాక్కుపోయాడు, జవాన్లు పగలబడి నవ్వారు.

మర్నాడు మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అదంతా చెప్పాడు. అమరేందర్ ఒక్కడే నవ్వలేదట. పక్కకు పిలిచి, ఇది మంచి ఆట, ఎవరు నేర్పారని అడిగాడట.

"నువ్వేమన్నవ్?" అంది కాశమ్మ.

"ఎవ్వరు లేరు, నాదే అన్న."

ఆదివారం ఇంకోసారి ఆడించి చూస్తారట. ఎంపికైతే తను పట్నంలో ఉంటాడట, ఆమె ఇక్కడే అత్తను చూసుకోవాలట. చేయి కడుక్కుని బంతి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"చీర జర పైకి దోపి మళ్ల చెయ్యి. కాలెట్ల పోతదో చూస్త."

సంగతి కాలిలో లేదని కాశమ్మకు తెలుసు. తల దించకపోవడంలో ఉంది. మన చూపు బంతి మీద లేకపోతే ఎదుటివాడు ఆ చూపు వెంటే పోతాడు. ఈ ఒక్క మాట చెబితే ఆదివారం అతను గెలుస్తాడు. మాట గొంతుదాకా వచ్చింది. మొగుడు బాగుపడితే ఆమెకు మాత్రం చేదా? కానీ అంతకుముందు ఆమెకు ఒకటి వినాలనిపించింది. ఇది నీదే అని, పదిమందిలో కాకపోయినా ఈ వాకిట్లోనైనా అతను అనాలి. అందుకే మెల్లగా అంది.

"నాకు రాదు. ఆనాడు ఏదో గట్ల అయింది."

రాదంటావేమిటి, పది రోజులు చేసి చూపింది నువ్వే కదా అంటాడని అతని ముఖం వైపు చూసింది.

"అవ్, నీకేం ఎరుక," అని కొండల్ బంతి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అంత తేలిగ్గా నమ్మకపోయి ఉంటే, కాశమ్మ చెప్పేసేదే.