తమరు ఆలోచించగలరు

జపాన్‌లోని కనజావాలో గుండె డాక్టరు మునకతాకు మంచి పేరుంది. ఆపరేషన్ గదిలో ఆయన చెయ్యి వణకదంటారు. మందుల చీటీ ముందు వణుకుతుందని ఎవరికీ తెలియదు. తెలిసినవాడు ఆయనొక్కడే, ఈమధ్య తనమీద తానే నవ్వుకుంటున్నాడు.

చేపల బజారులో ఎండుచేపలమ్మే ఫుజియెకు డెబ్బై ఒక్కేళ్లు. గుండె నీరసం, కిడ్నీలు అంతంతమాత్రం, షుగరు కొద్దిగా. షుగరు కోసం పుట్టిన ఒక మాత్ర గుండెకూ కిడ్నీలకూ మేలు చేస్తుందని మునకతా మార్చిలో డాక్టర్ల సదస్సులో గంటసేపు దంచి చెప్పాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు. తీరా ఆమె ఎదురుగా కూర్చుంటే కలం కదలలేదు. షుగరు మందు రాయడానికి తనెవరు? రేపేదైనా తేడా చేస్తే?

అందుకని కిడ్నీ డాక్టరుకు ఉత్తరం రాసి, కవరు అంటించి ఆమె చేతికిచ్చాడు: ఈ మాత్ర విషయం తమరు ఆలోచించగలరు. ఆయన మరుసటి నెల షుగరు డాక్టరుకు రాశాడు: ఇది తమ శాఖది, తమరే ఆలోచించగలరు. ఆ పై నెల షుగరు డాక్టరు తిరిగి మునకతాకే రాశాడు: షుగరు అదుపులోనే ఉంది, గుండె సంగతి తమరే ఆలోచించగలరు. ముగ్గురివీ ఒకే వరండాలో గదులు. రోజూ ఒకే క్యాంటీన్‌లో నూడుల్స్ తింటూ బేస్‌బాల్ గురించి వాదించుకుంటారు.

వానల రోజుల్లో ఆ ఉత్తరం మునకతా చేతికొచ్చింది. ఫుజియె పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. కిడ్నీలు మరో మెట్టు దిగాయి, ఇక ఆ మెట్టు ఎక్కడం కష్టం.

గుండెకూ కిడ్నీలకూ మేలు చేసే మాత్ర గురించి ఆలోచించమని తను స్పష్టంగానే రాశానని మునకతా గొణిగాడు.

"మా బజారులో 'ఆలోచిస్తాం' అన్నవాడు చేప కొనడండీ," అంది ఫుజియె. "మీ దగ్గర ఆ మాటకు వేరే అర్థముందా?"

లేదు. రాసేటప్పుడూ ఆయనకా సంగతి తెలుసు.

"ఆ మాత్ర అప్పుడే వేసుకునుంటే?" అని అడిగిందామె.

మర్యాదగా తప్పించుకునే మాటలు ఆయన నాలుక చివర డజను ఉన్నాయి. సిగ్గుతో ఒక్కటీ బయటికి రాలేదు.

"మేలు జరిగి ఉండేదండి. రాయనిది నేనే. భయపడ్డాను."

ఫుజియె మందుల చీటీని ఆయన ముందుకు జరిపింది.

"భయం నాకూ ఉంది డాక్టరుగారూ. అయినా మింగేదాన్ని నేనే కదా. మీరు రాయండి."

మునకతా రాశాడు.