హీలియమా, కార్బన్ డయాక్సైడా?

మూసిన గొట్టాల్లో ఒకే గ్యాస్ మళ్లీ మళ్లీ తిరుగుతూ టర్బైన్‌ను నడిపే యంత్రం అది. అందులో ఏ గ్యాస్ నింపాలన్న దగ్గరే అన్నాచెల్లెళ్లకు పేచీ వచ్చింది. ఇద్దరూ ఒకే పరిశోధనశాలలో ఇంజనీర్లు. చెల్లెలిది టర్బైన్ డిజైన్. కార్బన్ డయాక్సైడ్ బరువైన గ్యాస్ కాబట్టి యంత్రం చిన్నదైపోతుందని ఆమె పట్టు. అన్నది వేడిని మార్పిడి చేసే గొట్టాల పని. హీలియమైతే వేడిని చకచకా మోసుకుపోతుందనీ, లోహాన్ని తినెయ్యదనీ అతని పట్టు.

"నీ హీలియం ఏ సందు దొరికినా జారుకుంటుంది," అనేది ఆమె.

"నీ గ్యాస్ నా గొట్టాల్ని కొరుక్కు తింటుంది," అనేవాడు అతను.

"మీ గ్యాస్ గొడవ గేటు దగ్గర వదిలేసి రండి, తల వాచిపోతోంది!" అని ఇంట్లో వదిన కసురుకునేది.

ఏ గ్యాసో తేల్చాల్సిన మీటింగ్ రేపనగా, నమూనా యంత్రంలో కార్బన్ డయాక్సైడ్ నింపి ఆఖరి పరీక్ష పెట్టారు. పొద్దుటినుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. ప్రెషర్ ముల్లు కొంచెం కొంచెంగా దిగుతోంది.

"కింద కూలర్ దగ్గర లీకై ఉంటుంది, చూసొస్తా," అని అన్న యంత్రం కిందున్న గోతిలోకి నిచ్చెన దిగాడు.

ఆమె మళ్లీ ముల్లు వైపు చూసింది. లీకైన గ్యాస్ ఎటు పోతుంది? గాలికన్నా బరువు కదా, కిందికే! ఆ గోతిలో ఊపిరాడదు. గ్యాస్ అలారం ఉన్నది గోడమీద, పైన. అది మోగనే లేదు.

"అన్నయ్యా!"

పలకలేదు. నిచ్చెన దగ్గరికి పరుగెత్తింది. అన్న నేలమీద ఒరిగిపోయి ఉన్నాడు. దిగబోతే ఆపరేటర్ రెక్క పట్టుకుని లాగాడు.

"మేడమ్, మీరూ దిగితే ఇద్దర్ని మొయ్యాలి! మాస్క్ వస్తోంది, ఆగండి!"

ఆగడం! ఆ కాసేపూ ఆమె చేతులు నలుపుకుంటూనే ఉంది. మాస్క్ తగిలించుకున్న ఆపరేటర్ దిగి, అన్న నడుముకు తాడు కట్టాడు. పైనున్నవాళ్లంతా కలిసి లాగారు.

ఆసుపత్రిలో అన్న సాయంత్రానికి కళ్లు తెరిచాడు. వదిన అతని చెయ్యి వదలకుండా కూర్చుంది. ఆడపడుచు మొహం మాత్రం చూడలేదు. చెల్లెలు వరండాలో ఆ కొసకీ ఈ కొసకీ తిరిగి తిరిగి లోపలికొచ్చింది.

"రేపు హీలియం అని చెప్పేస్తా," అంది.

అన్న నీరసంగా నవ్వాడు. "ఇన్నాళ్లు వాదిస్తే వినలేదు గానీ, స్పృహ తప్పి పడిపోతే వింటావా? గెలిస్తే నా గొట్టాలు గెలవాలి, నా మూర్ఛ కాదు. లెక్కలు మారాయా?"

"లేదు."

"మరింకేం? గ్యాస్ కాదు, ఆ గొయ్యి మార్చు."

మీటింగ్‌లో ఆమె కూర్చోలేక నిలబడే మాట్లాడింది. కార్బన్ డయాక్సైడే అంది. కాని గొయ్యి పూడ్చాలి, యంత్రమంతా నేలకు పైనే ఉండాలి, అలారాలు పాదాల ఎత్తులో పెట్టాలి, వేడి గొట్టాలకు అన్న అడిగిన ఖరీదైన లోహమే వాడాలి. అప్పటిదాకా యంత్రం తిప్పకూడదు. డైరెక్టర్ గొణిగాడు, విసుక్కున్నాడు, చివరికి సంతకం పెట్టాడు.  బయటికొచ్చాక, తాను సరిగ్గా ఆలోచించి అందో, మొండితనంతో అందో ఆమెకే అంతుపట్టలేదు.

"మళ్లీ అదే గ్యాసా?" అని మాత్రం అడిగి, వదిన ఆమెతో చాన్నాళ్లు మాట మానేసింది.

అన్న కోలుకుని పనిలోకి వచ్చాడు. కొత్త యంత్రం తిరగడం మొదలైన రోజు మధ్యాహ్నం ఆమెకు ఫోనొచ్చింది. వదిన.

"ఎక్కడున్నాడు మీ అన్నయ్య?"

"హాల్లోనే, వదినా."

"కళ్లతో చూసి చెప్పు."

ఆమె ఫోన్ పట్టుకునే హాల్లోకి వెళ్లింది. గొట్టాల పక్కన నిలబడి ఎవరితోనో గట్టిగా వాదిస్తున్నాడు అన్న.

"చూశాను. అరుస్తున్నాడు."

"సరే," అంది వదిన. "రేపు కూడా ఫోన్ చేస్తా, ఎత్తు."